కిటికీ వల

"వల దించింది ఎవరు?"

రెస్క్యూ షెడ్డు గుమ్మంలో నిలబడి నెల్డా స్ట్రౌడ్ అడిగింది. లోపల ఇద్దరే ఉన్నారు. జట్టు పెద్ద వెండెల్, అంబులెన్సు నడిపే ఓపల్. మిగతావాళ్ళంతా బండ్లతో ట్రాకు పక్కన కాపలా ఉన్నారు. వెండెల్ లేచి టోపీ తీశాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా. అరవై రెండో నంబరు కారు కిటికీ వల. ఎవరి చెయ్యి అది?"

బయట రేసు మళ్ళీ మొదలైంది. ముప్పై ఎనిమిది కార్లు ఒక్క గుంపుగా షెడ్డు వెనకనుంచి దూసుకుపోయాయి. ఆ హోరు తగ్గేదాకా ఆమె అలాగే నిలబడింది.

"ముందు కూర్చోండి, నెల్డాగారూ," అన్నాడు వెండెల్. "కొంచెం కాఫీ తాగుదురుగాని."

"నీ కాఫీ నువ్వే తాగు."

కారు గోడని గుద్దితే అక్కడ ఎవరూ కారుని చూడరు. డ్రైవరు పక్క కిటికీకి కట్టి ఉండే వలనే చూస్తారు. తను బాగానే ఉంటే డ్రైవరే చెయ్యెత్తి ఆ వల దించుతాడు. దిగిందా, ప్రేక్షకుల స్టాండ్లన్నీ చప్పట్లు. దిగలేదా, వేలమంది ఉన్న చోట దగ్గు కూడా వినపడదు.

ఆ మధ్యాహ్నం నూట నలభయ్యో చుట్టులో ఆమె కొడుకు డెన్వర్ కారు మూడో మలుపు దగ్గర గోడని గుద్దింది. తొమ్మిదేళ్ళుగా ఎవరూ కదపలేని ట్రాకు రికార్డుని శుక్రవారంనాడు గంటకు నూట తొంభై ఎనిమిది మైళ్ళతో చెరిపేసిన నీలం కారు అది. తమ క్యాంపరు వ్యాను పైకప్పు మీద కూర్చున్న నెల్డా గబుక్కున లేచి బైనాక్యులర్స్ పెట్టుకుంది. అంతా పొగ. ఆ పొగలోంచి వల జారి కిందికి వేలాడింది. ఆమె బైనాక్యులర్స్ దించి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"ఏం నెల్డా, రికార్డు చాలదని మీవాడు గోడకి నీలం రంగు కూడా వేశాడే!" పక్క వ్యాను మీదనుంచి ఎవరో అరిచారు.

"రానీ, చెవి మెలేస్తా వెధవకి!" అని నవ్వి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ట్రాకు ఆసుపత్రి ఆ వ్యానుకి రెండు వందల గజాల దూరం. ఆమెని పిలవడానికి మనిషి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"పన్నెండు నిమిషాలు ప్రాణం ఉందిట వాడికి," అంది నెల్డా. "మాట లేదుట గానీ కళ్ళు తెరిచే ఉన్నాడుట. నర్సు చెప్పింది. నేనప్పుడు ఏం చేస్తున్నానో తెలుసా? కాయలు ఒలుచుకు తింటున్నా! వల దిగింది కదా, ఇంకేం భయం అనుకుని. చెప్పు వెండెల్, ఎవడు దించాడు?"

వెండెల్ టోపీని బల్లమీద పెట్టాడు.

"నేనే."

"నువ్వా?"

"అవునండి. మనిషిని బయటికి తియ్యాలి. తొందరలో ఆలోచించలేదు."

ఆమె రెండు పిడికిళ్ళతో అతని గుండెల మీద కొట్టింది. ఆమెకి రెండింతలున్న మనిషి, కదలకుండా నిలబడ్డాడు.

"నువ్వు ముట్టుకోకపోతే నేను పరిగెత్తేదాన్ని. చెప్పులు లేకుండా పరిగెత్తేదాన్ని. వాడి చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ పన్నెండు నిమిషాలూ నావి, నువ్వు దొంగిలించావు."

"అవునండి."

"చర్చికి రాకు. శ్మశానానికి రాకు. అందరిలాగా ఏదో వండి, మూత పెట్టిన గిన్నె ఒకటి పట్టుకుని పరామర్శకి మా గుమ్మం ఎక్కావంటే మొహాన కొడతాను."

"రానండి."

ఆమె వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ గోడ పట్టుకుని నడిచింది. ఓపల్ సాయం వెళ్ళబోతే చెయ్యి విదిలించేసింది.

ఓపల్ వెనక్కి వచ్చి తలుపు మూసింది.

"నీకు మతి పోయిందా వెండెల్? డ్రైవరు దించని వల మనం దించకూడదు, కత్తిరించి లోపలికి తోసెయ్యాలి, పైన తల్లులు చూస్తుంటారు అని ముప్పై ఏళ్ళుగా మా అందరికీ నేర్పింది నువ్వు కాదూ? నువ్వే దించావా?"

వెండెల్ బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఆమె ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలి కదా. నన్నే తిట్టుకోనీ, కొడుకుని కాదు."

"అదేం మాట?"

కార్లు మళ్ళీ వచ్చాయి. కిటికీ అద్దాలు దడదడలాడి ఆగిపోయాయి.

"నేను వెళ్ళేసరికే వల దిగి ఉంది, ఓపల్. వల పట్టీ చుట్టూ బిగుసుకున్న డెన్వర్ వేళ్ళని విడదీశాను, అంతే."