తలకిందుల కుందేలు

ఆదోని బడిలో ఏడో తరగతికి చందమామ పొద్దున్న రెండో పీరియడ్‌లో ఉదయించేవాడు. అప్పుడు చిలీలో రాత్రి. అక్కడి కొండమీది టెలిస్కోపు చూసేదంతా హైమవతి టీచర్ తెరమీద చూపించేది.

ఈసారి మాత్రం పున్నమి చంద్రుణ్ణి ఇంటి దగ్గరే చూసి గీసుకురమ్మంది. ముప్పైతొమ్మిది బొమ్మల్లో చంద్రుడిలోని కుందేలు తలకిందులుగా ఉంది. చిలీ నుంచి చూస్తే అలాగే ఉంటుంది. ఒక్క సుంకులమ్మ గీసిన కుందేలే సరిగ్గా కూర్చుంది. చిలీ టెలిస్కోపు చిత్రంతో పోల్చి దిద్దే యంత్రం ఆ బొమ్మకే సున్నా వేసింది. సున్నా వస్తే ఖగోళ క్లబ్బులోంచి పేరు తీసేస్తారు.

"మిద్దెక్కి చూసినా మేడం. మా అవ్వ గూడా చూసింది," అంది సుంకులమ్మ ఏడుపు ఆపుకుంటూ.

"మీ అవ్వకు ఎదురుగా ఉండే బస్సే కనపడదు గదే!" అన్నాడు వెనక బెంచీ వీరేశు. అందరూ నవ్వారు.

హైమవతికి కసరడానికి కూడా ఓపిక లేదు. మార్కు మార్చబోతే, ఏ టెలిస్కోపుతో చూశారో రాయమంది యంత్రం. "కళ్ళతో" అని రాస్తే ఒప్పుకోలేదు. అప్పుడామె "సుంకులమ్మ వాళ్ళ మిద్దె, ఆదోని" అని రాసింది.

యంత్రం పది మార్కులు వేసి, కొత్త టెలిస్కోపును జాబితాలో చేర్చుకుంది.

హైమవతి నిట్టూర్చి, మిగతా ముప్పైతొమ్మిది కాగితాలూ వెనక్కి పంచింది.

"సాయంత్రం అందరూ ఆ టెలిస్కోపు కాడికి పోండి. వీరేశూ, అవ్వకు చెయ్యి పట్టుకొని మెట్లెక్కించే పని నీది."