జానెడు దారం

దారం కొసను లండను మీద ఆనించి, దేవసహాయం మాస్టారు గ్లోబు మీదుగా మద్రాసు దాకా లాగారు. జానెడు వచ్చింది.

"అయిదువేల నూరు మైళ్లు. పటం మీద కొలిస్తే తప్పు వస్తుంది, గ్లోబు మీదే కొలవాలి," అన్నారు, తరగతిలో చెప్పినట్టే.

విడవలూరు చర్చి పనులు చూసే హెబ్రోను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎంతసేపు పడతాది సార్?"

"అరవై ఒకటిలో అమ్మాయి నర్సు పనికి ఓడలో పోతే పద్దెనిమిది రోజులు పట్టింది. ఈసారి విమానంలో వస్తా నాన్నా అని రాసింది. విమానానికి ఒక రోజు చాలు. రేపు తెల్లారి మద్రాసులో దిగుతుంది. అక్కడినుంచి వ్యానులో ఆరు గంటలు."

"అంటే పన్నెండుకి. కచ్చితంగా చెప్పండి సార్. మనది ఇసక నేల గదా. సమాధి ముందే తవ్వినామంటే నీళ్లూరి గట్లు కూలిపోతాయి."

మాస్టారు వేళ్ల మీద మళ్లీ లెక్కవేశారు. "పదికి మొదలుపెట్టు."

హెబ్రోను కదల్లేదు. "పొడవెంత తీయమంటారు సార్?"

లండను ఆసుపత్రివాళ్లు పంపిన టెలిగ్రాంలో పెట్టె కొలతలు లేవు. మాస్టారు ఉండలోంచి ఇంకొంత దారం విప్పారు. ఒక కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, దారాన్ని నిటారుగా తన భుజం దాకా లాగి, అక్కడ తెంపి హెబ్రోను చేతికిచ్చారు.

"ఇక్కడిదాకా వచ్చేది," అన్నారు.