ముద్ర పడని వేలు

"మీ ముంగిట్లోకే వైద్యం" అని రాసిన బస్సును వాకాడు దాటించి సముద్రపు ఒడ్డుదాకా తెచ్చినా, ఈ పల్లె జనానికి చేతులు కడుక్కుని రావాలన్న జ్ఞానం లేదు.

రొయ్యలు వలిచే చెంచమ్మ నాలుగోసారి బొటనవేలు నా వేలిముద్రల మిషను మీద నొక్కింది. మళ్లీ ఎర్రలైటే.

"ముద్ర పడందే చీటీ రాదు. చీటీ లేందే లోపల డాక్టరమ్మ చూడదు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా? పోయి ఆ రొయ్యల జిడ్డు వేడినీళ్లతో కడుక్కోనిరా!" అని కసిరాను.

ఆమె పక్కనే ఉన్న టీకొట్టుకు వెళ్లింది. ఒళ్లునొప్పులని చెప్పి, ఊరికే ఇచ్చే బిళ్లలు మూటగట్టుకుపోయే బాపతు. ఇలాంటివాళ్లకు మిషనెందుకు, బస్సెందుకు?

తిరిగొచ్చి తడిచెయ్యి నా ముందు చాపింది. వేళ్లన్నీ ఎర్రగా కమిలిపోయాయి. మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"మరిగే నీళ్లల్లోనే ముంచినా సారూ. ఇప్పుడన్నా పడుద్దా?"

"ఏందమ్మా ఈ పని! నొప్పి లేదా?"

"లేదు సారూ," అంది, వేలు మళ్లీ మిషను మీద పెడుతూ. "మూడు నెలల్నించి ఈ చేతికి ఏం తగిలినా తెలీడంలా. అది చూపించుకుందామనే వచ్చినా."