గోడవార బల్ల

“ప్రసంగం కాగితాలు పెద్ద పెట్టెలో పెడతావా? తీసెయ్!” అన్నాడు అన్నయ్య. “పెట్టె ఓ ఊళ్ళో, నువ్వో ఊళ్ళో దిగితే ఏం చదువుతావ్, నా మొహమా?”

చెల్లెలు నవ్వుతూ కాగితాల్ని చేతిసంచిలోకి మార్చింది. మట్టి పరీక్షల ల్యాబులో చేరాక ఆమెకిదే మొదటి కాన్ఫరెన్సు. మొన్న ఆఫీసు మీటింగులో రెండు ముక్కలు మాట్లాడమంటేనే గొంతు పెగల్లేదు. “అక్కడా ఇలాగే అయితే ఇంకెప్పుడూ నిన్ను పంపను” అని ల్యాబు హెడ్ మేడమ్ ముందే చెప్పేసింది.

“వాడు చెప్పినట్టు చెయ్యవే,” అంది అమ్మ బట్టలు మడతపెడుతూ. “నెలకి నాలుగు కాన్ఫరెన్సులకి వెళ్ళొచ్చేవాడు!”

ఆ మాట వీధంతా చెప్పీ చెప్పీ అమ్మకి కంఠతా వచ్చేసింది.

అన్నయ్య కూడా తన సంచి సర్దుకుంటున్నాడు. అన్నీ నల్ల చొక్కాలే.

“నీకు వేరే రంగే దొరకదా?”

“మరకలు కనబడవు.”

“మరి ఈ టేపు చుట్ట?”

“కాన్ఫరెన్సన్నాక దేనికైనా పనికొస్తుంది. నా సంగతి వదిలేసి నీది చూసుకో. పొద్దున్నే కడుపు నింపుకో, టీ వేళకి అక్కడ క్యూ కొండచిలువంత అవుతుంది. కొత్త చెప్పులు వద్దు. చన్నీళ్ళు తాగకు. మైకు తట్టకు, ఊదకు. ఊదడానికి అదేం పొయ్యి కాదు.”

“అందర్నీ చూడగానే భయమేస్తే?”

అన్నయ్య చెయ్యి ఆగింది.

“హాలు చివర గోడవార ఒక బల్ల ఉంటుంది. అక్కడ కూర్చున్నవాణ్ణి చూసి మాట్లాడు. ఎంతమంది కునికినా వాడు మాత్రం నీ ప్రతి మాటా వింటాడు.”

“అంత శ్రద్ధా? ఎవరతను?”

“ఎక్కడికెళ్ళినా ఒకడుంటాడులే.”

“నువ్వూ నాతో రాకూడదూ?”

“నాకూ పనుంది. తెల్లారకముందే బయల్దేరాలి. అందరికంటే ముందు చేరాలి.”

“పెద్దవాళ్ళు ఆఖర్న కదరా వచ్చేది!” అంది అమ్మ.

అన్నయ్య దగ్గాడు.

కాన్ఫరెన్సు రోజు రానే వచ్చింది. వేదిక మీద చెల్లెలు. ఎదురుగా మూడొందల మొహాలు. ముందు వరసలో మేడమ్ చేతులు కట్టుకుని కూర్చుంది. చెల్లెలు కాగితాలు విప్పింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

గోడవార బల్ల గుర్తొచ్చింది. అటు చూసింది. బల్ల నిండా మీటలు, వైర్లు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరో వాటిమీదికి వంగి ఉన్నారు. ఎవరైతేనేం, వినే మనిషి ఉన్నాడు.

“అందరికీ నమస్కారం,” అంది సన్నగా.

ఆ మనిషి ఒక మీట పైకి జరిపాడు. రెండో మాటకి ఆమె గొంతు హాలంతా నిండిపోయింది. మేడమ్ కట్టుకున్న చేతులు విడదీసి పెన్ను తీసింది.

అప్పుడు ఆ మనిషి తలెత్తాడు.

నల్ల చొక్కాలో అన్నయ్య.