గుమ్మం వదలొద్దు

"టీసీ ఏది?" అన్నాడు పరీక్షల ఆఫీసరు, హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"పాత కాలేజీవాళ్ళు ఇంకా పంపలేదు సార్. హాల్ టికెట్ ఉంది, చూడండి," అంది అమ్మాయి.

"చూశాను. టీసీ లేకపోతే లోపలికి లేదు. పక్కకి జరుగు, వెనకవాళ్ళని రానీ."

"ఆఖరి పేపరు సార్. ఇది పోతే ఏడాది పోతుంది."

"పోనీ. వాళ్ళని పంపొద్దని నేనేమన్నా చెప్పానా?"

వెనక నిలబడ్డ తల్లి కొంగు నడుముకి బిగించింది. ఆవిడ టైలరు. నోరు కూడా కత్తెరలాగే ఆడుతుంది.

"కాలేజీ పంపకపోతే నా పిల్లదా తప్పు?"

"ఇక్కడ నోరు పెంచితే వచ్చే ఏడాది కూడా రాయనివ్వను. వెళ్ళి తెచ్చుకోండి."

తెచ్చుకుందామనే ఇద్దరూ వరండా మెట్లు దిగారు.

మెట్ల కింద ఒక మనిషి అడ్డం వచ్చాడు. మాసిన గడ్డం. తెగిన చెప్పు దారంతో కట్టుకున్నాడు.

"బుద్ధుందా? ఎక్కడికి పోతున్నావు?" అని అమ్మాయిని గదమాయించాడు.

"టీసీ తేవడానికి..."

"టీసీ లేదు, గీసీ లేదు. వెనక్కి పో. గుమ్మం దగ్గరే నిలబడు. రానివ్వనంటే ఆ మాటే రాసి, సంతకం పెట్టి ఇమ్మను."

"రాసివ్వకపోతే?"

"రాసివ్వడు. రాస్తే ఇరుక్కుంటాడు. అందుకే చచ్చినట్టు కూర్చోబెడతాడు. నువ్వు వెళ్ళిపోయావా, నీ నంబరు పక్కన 'రాలేదు' అని రాసేస్తాడు. పద."

అంటూ అమ్మాయి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించబోయాడు.

తల్లి ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"ముందు పిల్ల చెయ్యి వదులు. నీబోటి బ్రోకర్లని బోలెడుమందిని చూశాను."

"నువ్వు నోరు ముయ్యమ్మా. గంట కొట్టేస్తారు."

"నా నోరే మూయిస్తావా? వాచ్‌మన్, ఇటు రావయ్యా. ఆడపిల్ల మీద చెయ్యేస్తున్నాడు వీడు."

వాచ్‌మన్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు వచ్చాడు.

"ప్రతి పరీక్షకీ వీడి గోలేనమ్మా. ఆ ముక్క రాసివ్వండి, మళ్ళీ గేటు లోపలికి రాకుండా చేస్తాం."

ఆవిడ నిలబడ్డచోటే రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

వాచ్‌మన్ అతని మెడ మీద చెయ్యేసి నెట్టుకుపోతుంటే, ఆ మనిషి వెనక్కి తిరిగి "గుమ్మం వదలొద్దు" అని అరుస్తూనే ఉన్నాడు.

"మనిషిని చూసి టేపు లేకుండా కొలత చెప్పేస్తాను నేను," అంది తల్లి, బస్సెక్కుతూ. "వాడు పక్కా దొంగ."

టీసీ పట్టుకుని తిరిగొచ్చేసరికి, పరీక్ష రాసినవాళ్ళు జవాబులు సరిచూసుకుంటూ బయటికొస్తున్నారు.

ఆ వారం తల్లీకూతుళ్ళు లాయరు దగ్గర కూర్చున్నారు.

"కనుక్కున్నాను. మీ అమ్మాయి అసలు పరీక్షకే రాలేదంటున్నారు," అన్నాడు లాయరు.

"వచ్చిందండీ. ఆ ఆఫీసరే పొమ్మన్నాడు."

"పొమ్మన్నట్టు రుజువేదీ? కాలేజీ పంపాల్సిన కాగితం రాలేదని పిల్లల్ని ఆపకూడదు, ముందు రాయనివ్వాలి అని కోర్టు తీర్పుంది. మీరేమో మీ కాళ్ళతో మీరే దిగి వెళ్ళిపోయారు. అక్కడ చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"



"ఒకాయన ఉన్నాడు," అంది కూతురు, తల్లి వంక చూడకుండా. "తెగిన చెప్పు దారంతో కట్టుకున్నాడు. మా అమ్మ గెంటించింది."

లాయరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన మీద రాసిచ్చింది మీరేనా? ఇంక ఆయన సాక్ష్యం ఎవరు నమ్ముతారమ్మా?"

"ఎవరండీ ఆయన?" అంది తల్లి, గొంతు తగ్గించి.

"చదువుకునే రోజుల్లో, కాగితం లేదని పొమ్మంటే తనూ ఆ మెట్లే దిగి వెళ్ళిపోయాడు. ఇందాక చెప్పిన తీర్పు ఆయన కొట్లాడి తెచ్చిందే. అది వచ్చేసరికి ఆయన పరీక్ష రాసే వయసు దాటిపోయింది."