పై నట్టు

తెల్లారి లేచి ఆకాశం చూసి తిరుమలరావు కాండ్రించి ఉమ్మేశాడు. మబ్బు.

నౌపడ మడుల్లో ఉప్పు కుప్పలుగా పడి ఉంది. అందులో సగం పెళ్ళాం చిన్నతల్లి రెక్కల కష్టం. వాన పడేలోగా ఎత్తకపోతే మిగిలేది నీళ్ళే.

ఎత్తాల్సిన లారీ మొన్న నరసన్నపేటలో కొన్న పాతది. వెనక ఇరుసు హౌసింగు, లోపలి గేరాయిల్ చెడి, ఊళ పెడుతోంది. ఇలాగే లోడేస్తే దారిలో గేర్ల పళ్ళు రాలిపోతాయి. మెకానిక్ మురళీమోహన్‌కి సాయంత్రందాకా కుదరదట. గేరాయిల్ మార్చడానికి మెకానిక్కెందుకని తిరుమలరావే పానా పట్టుకుని ఇంటిముందు లారీ కిందికి దూరాడు.

నిన్నటిదాకా డ్రైవరు. ఇవాళ ఓనరు. ఓనరయ్యాక మనిషికి ముందు మారేది నాలుక.

"బావూ..."

ముసలి గొంతు. చక్రం పక్కన రెండు అరిగిన చెప్పులు ఆగాయి. వాటి పక్కన ఓ సంచి వేలాడుతోంది.

"ఏటి?"

"ఆయిలు మారస్తన్నావా బావూ?"

తిరుమలరావుకి మండింది. పాత గేరాయిల్ తీస్తున్నారని తెలిస్తే చాలు, చెదపట్టిన గుంజకనీ, నూతి గిలకకనీ ఊరంతా డబ్బాలు పట్టుకుని దిగిపోతుంది.

"ఆయిలూ లేదు, గీయిలూ లేదు. ఎల్లు, ఎల్లు."

"అది గాదు బావూ. ముందు పై నట్టు ఇప్పు. కిందది ఆనక..."

"ఒరే ముసిలోడా, పదేళ్ళు లారీ తోలినోణ్ణి. నువ్వేటి నాకు సెప్పొచ్చేది?"

సంచిలో ఇనుము చప్పుడైంది.

"ఇదిగో బావూ, ఇందల..."

"డబ్బా కూడా తెచ్చీసినావా! సిగ్గు నేదేటి? ఒసే చిన్నతల్లీ, ఈణ్ణి పంపించీ!"

ఒక ముడతల చెయ్యి కిందికి దిగి, ఎద్దు వీపు నిమిరినట్టు వెనక టైరుని నిమిరింది. తర్వాత చెప్పులు స్టేషను వైపు నడిచాయి.

"అతగాడు ఆయిలు అడగనేదు గదా," అంది చిన్నతల్లి.

"నోర్ముయ్యి."

కింది నట్టు విప్పాడు. నల్లటి ఆయిలు, ఇనుప పొడితో తళతళలాడుతూ బేసినులోకి దిగిపోయింది. కిందది బిగించి, కొత్త ఆయిలు పోయాల్సిన పైదానికి పానా పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. జారింది. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. వేళ్ళు చెక్కుకుపోయాయి గానీ నట్టు కదల్లేదు. దాని అంచులు ఎప్పుడో గుండ్రంగా అరిగిపోయాయి.

కొత్త ఆయిలు పక్కనే ఉంది. పోసే దారే లేదు. ఉన్న ఆయిలు తనే తోడేశాడు. ఇప్పుడు లారీ వీధి చివరిదాకా కూడా పోదు.

మడుల మీద ఉరిమింది. తిరుమలరావు లారీ కిందినుంచి బయటికి పాకి ఫోను తీశాడు.

"మురళీ, పై నట్టు తిరగడం నేదురా."

"మామూలు పానాకి తిరగదు. పాత ఓనరు కొత్త నట్టు కొనిచ్చినోడు గాదు. సూరయ్యే దానికి సరిపడా పానా ఒకటి అరగదీసుకున్నాడు. అదొక్కటే పడతాది. పొద్దున్నే నీకాడికి ఎల్లమని అతగాడికి సెప్పినాను, రానేదేటి?"

చినుకు పడింది. స్టేషనులో రైలు కూసింది.

"సూరయ్యంటే... ఎవులు?"

"నీ లారీకి పాత డ్రైవరు బావా, నువ్వు కొనీసిన రోజే పని పోయినాది పాపం, చెన్నైలో వాచ్‌మన్‌గా సేరడానికి పోతా, ఆ పానా నీ సేతిలో ఎట్టీసి రైలెక్కుతానన్నాడు."