ఏడు తరాల తనిఖీ

"ముందు అందరూ మీ ఏడు తరాల పేర్లు చెప్పండి," అంది గ్రామాల నిధి ఉద్యోగిని నూర్‌జాత్, కాగితాల కట్ట బల్ల మీద పెడుతూ.

కోక్-సాయ్ బడి గదిలో ఆరుగురు మగవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అవస్థ పడుతున్నారు. లోయలోని ఆరు ఊళ్లకు ఆరుగురు ప్రతినిధులు.

"ఏంటి చెల్లీ, ఎవరికైనా సంబంధం చూస్తున్నావా?" అన్నాడు కోక్-సాయ్ ప్రతినిధి కుబాత్.

పెళ్లి కుదిర్చే ముందు రక్తసంబంధం లేదని తేల్చుకోవడానికే అక్కడ ఆ పేర్లు అడుగుతారు. గది గొల్లుమంది. వెనక సమోవార్ దగ్గర టీ పోస్తున్న ఐదుగురు ఆడవాళ్లు కూడా తలగుడ్డ అంచులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నూర్‌జాత్ నవ్వలేదు. నవ్వే పరిస్థితిలో లేదు. గ్రామాల నిధి నుంచి ఈ లోయలో ఏటా ఒక్క ఊరికే తాగునీటి పైపు వస్తుంది. ఏ ఊరికన్నది ప్రతినిధులు ఓట్లేసి తేల్చుకోవాలి. రెండేళ్లుగా తేలలేదు. మొదటి ఏడాది ఎవరి ఓటు వాళ్ల ఊరికే వేసుకున్నారు. కిందటేడు ఒకే వంశం వాళ్లు జట్లు కట్టి, టోపీలు ఊడేదాకా తన్నుకున్నారు. రెండుసార్లూ డబ్బు పక్క జిల్లాకు పోయింది.

"ఈసారి కూడా ఆ డబ్బు లోయ దాటిందంటే, నువ్వు మాత్రం లోయ దాటి ఆఫీసుకు రానక్కర్లేదు," అన్నాడు పై అధికారి. నవ్వుతూనే అన్నాడు. అదే భయం.

అందుకే ఆమె రెండు షరతులు పెట్టింది. ఎవరూ సొంత ఊరికి ఓటేయకూడదు. ప్రతినిధుల్లో ఏ ఇద్దరి వంశమూ ఒకటి కాకూడదు. మంచు కరగ్గానే ఊరూరికీ కబురు పంపింది. ఊళ్లు బుద్ధిగా పాత కొట్లాటరాయుళ్లను తప్పించి కొత్తవాళ్లను పంపాయి. ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లే పట్టుబట్టి మార్పించారని విని నూర్‌జాత్ మురిసిపోయింది.

ఒక్కొక్కరే లేచి తండ్రి, తాత, ముత్తాత అంటూ అప్పజెప్పారు. తడబడిన వాళ్లు లేరు. ఆమె నలభై రెండు పేర్లు రాసుకుంది. పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్కటీ కలవలేదు.

హమ్మయ్య అనుకుంది.

"ఇక మీ మీ ఊళ్ల అవసరం చెప్పండి."

"మా ఊరు అన్నిటికన్నా పెద్దది," అన్నాడు కుబాత్.

"పెద్దదే. నది ఒడ్డునే ఉంది కూడా. కాళ్లు కడుక్కుంటూ దాహం అంటావేం?" అన్నాడు పక్కనున్న తాష్తాన్. "మా ఊళ్లో ఎనిమిది వందల గొర్రెలున్నాయి. వాటికి నీళ్లెవరు..."

"గొర్రెలకు కుళాయి తిప్పడం నువ్వే నేర్పుతావా?" అన్నాడు కుబాత్.

మాటా మాటా పెరిగేలా ఉంది. అంతలో టీ తెచ్చినావిడ తాష్తాన్ ముందు టీ గిన్నెను కాస్త గట్టిగానే పెట్టింది. టీ చేతి మీద ఒలికింది. తాష్తాన్ నోరు మూసుకున్నాడు.

చివర్న ఎసెన్‌కుల్ తాత మిగిలాడు. తాష్-దోబో ప్రతినిధి. పదకొండు గడపల ఊరు. అక్కడ తాగేది పంటకాలవ నీళ్లు. వాన పడిందంటే, టీ ఆకు వేయకముందే టీ రంగులో ఉంటాయి.

"మీరూ చెప్పుకోండి తాతా."

"చెప్పుకునే చోట చెప్పుకున్నానమ్మా," అన్నాడు ముసలాయన.

దేవుడికి కాబోలు అనుకుని నూర్‌జాత్ జాలిపడింది.

గది మూలన తెర కట్టి, వెనక ఆరు చెక్క గిన్నెలు పెట్టించింది. ఒక్కో గిన్నె మీద ఒక్కో ఊరి పేరు. తలా ఒకటి, పిల్లలాడుకునే గొర్రె మడమ ఎముక ఇచ్చింది. వెళ్లి వేసి రావాలి. వెళ్లేముందు కుబాత్ ఎందుకో సమోవార్ వైపు ఒకసారి చూశాడు. తాష్తాన్ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తాత మాత్రం వెళ్లినంత నెమ్మదిగానే తిరిగొచ్చాడు.

నూర్‌జాత్ తెర తీసింది. కోక్-సాయ్ గిన్నెలో ఒక ఎముక. నాలుగు గిన్నెలు ఖాళీ. తాష్-దోబో గిన్నెలో ఐదు.

మళ్లీ లెక్కపెట్టింది. ఐదే.

ఆమె ప్రతినిధుల వైపు తిరిగింది. "అన్నలారా, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. తమ ఊరికి ఎలాగూ వేసుకోలేరు. పక్క ఊరితో లాలూచీ పడొచ్చు. అదీ చేయకుండా, అందరికన్నా అవస్థలో ఉన్న ఊరికి వేశారు. ఎవరూ ఎవరితోనూ అనుకోకుండా!"

ఐదుగురూ తలలు దించుకున్నారు. ఎంత వినయం అనుకుంది నూర్‌జాత్.

"మరీ అంత పొగడకు చెల్లీ," గొణిగాడు కుబాత్. "మేం ఇళ్లకెళ్లి అన్నం తినాలి కదా."

బయట ఎండలో ఫొటోకు నిలబెట్టింది. తాతను మధ్యలో కూర్చోబెట్టింది. "టీ పోసిన అక్కలూ, మీరూ రండి," అని పిలిచింది. వాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఒకావిడ తాత టోపీ సర్దింది. ఇంకొకావిడ ఆయన కోటు బొత్తాం పెట్టింది.

"ఇది పై ఆఫీసుకు పంపాలి తాతా. కింద 'నిస్వార్థ ప్రతినిధులు' అని రాయనా?"

ముసలాయన అటు ఐదుగురినీ, ఇటు ఐదుగురినీ చూసుకుని, బోసినోటితో నవ్వాడు.

"అంత పెద్ద మాటలెందుకు తల్లీ, మా ఐదుగురు ఆడపిల్లలూ అల్లుళ్లూ అని రాయి."